గోడవైపు గది

ఆ యేడు వేసవి సెలవుల్లో మా బడి పక్కమేడ మీద సెల్లు టవరు నిలబెట్టారు. బొబ్బిలి వెళ్లే రోడ్డులో అద్దె ఇంట్లో నడిచే చిన్న ఇంగ్లీషు మీడియం బడి అది. నేనందులో ఆయాని. గంట కొట్టడం, గదులు తుడవడం, పసిపిల్లల ముక్కులు కడగడం నా పని. మా ఆయనది జూటుమిల్లులో కూలి. నేను పనిచేస్తున్నందుకు మా అమ్మాయికి ఫీజు లేదు. ఐదో తరగతి, ఏ సెక్షను. ఆ గది వెనక గోడ టవరున్న మేడకి ఆనుకుని ఉంటుంది. గోడకి చెవి పెడితే అవతల టవరు మిషన్ల రొద గుయ్‌మని వినిపించేది.

బడి తెరిచిన కొన్నాళ్లకి టీవీలో ఏదో చెప్పారు. టవర్ల నుంచి రేడియేషను వస్తుందని, పిల్లల బుర్రలు లేతవి కాబట్టి తొందరగా లాగేస్తాయని. ఫోన్లలో కూడా అదే తిరిగింది. అది నిజమో అబద్ధమో నాకు ఈరోజుకీ తెలీదు. తల్లులు మాత్రం గేటు దగ్గర మూగారు.

"పిచ్చుకలు కూడా పోనాయటే, సూసినావా?"

"పిచ్చుకలు మా అత్తోరింటి కాడ ఎప్పుడో పోనాయి. అక్కడ టవరెక్కడుందే? మా అత్త నోటికే పోనాయి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మా అమ్మాయి అప్పటికే రెండుమూడు సార్లు తలనొప్పి అంది. టవరు రాకముందు కూడా ఎండలో ఆడొస్తే తలనొప్పి అనేది. ఎప్పటి నొప్పి ఎండది, ఎప్పటి నొప్పి టవరుది? ఎలా చెప్పను? దిష్టి తీసి మిరపకాయలు పొయ్యిలో వేశాను. ఘాటుకి ఇంటిల్లిపాదీ దగ్గాం. దగ్గొచ్చిందంటే దిష్టి లేదని మా అమ్మ చెప్పేది. మా వీధి డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూసి, "సెప్పలేం. బాగా తిండి పెట్టు" అన్నాడు.

తల్లులందరికీ పెద్దదిక్కు మందుల కొట్టావిడ. వాళ్ల అబ్బాయి మా అమ్మాయి పక్క బెంచీలోనే కూర్చునేవాడు. "ఆ గదికి తాళం ఎయ్యాల. ఏసేదాకా ఏ ఒక్కరం పిల్లల్ని పంపొద్దు" అని అందరి చేతా మాట తీసుకుంది. నన్ను పిలిచి, "నువ్వు బయటపడి మాటాడలేవు, తెలుసులే. నీ కూతురి గురించీ నేనే అడుగుతాను" అంది. ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లులు లోపలికెళ్తే బడి నడిపే కరస్పాండెంటు గారు కుర్చీలు వేయించి టీ తెప్పించారు. టీ పోసింది నేనే. ఆయన మర్యాదగానే మాట్లాడారు. మేడ తనది కాదన్నారు, ఇంకో గది లేదన్నారు, ఆలోచిస్తానన్నారు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, "మందుల కొట్టోళ్ల బాబు సంచీ బి సెక్షన్లో పెట్టు" అన్నారు. బి సెక్షను రోడ్డు వైపు గది. సంచీ, నీళ్లసీసా, క్యారేజీ పట్టుకెళ్లి పెట్టాను. తర్వాత ఎరువుల కొట్టోళ్ల పాప. ఆపైన మాస్టర్ల పిల్లలు. రోజుకొకరు ఇద్దరు, వాళ్ల అమ్మలు ఆఫీసులోకెళ్లి నెమ్మదిగా మాట్లాడుకుని రావడం, నేను సంచీలు మోయడం. బి సెక్షన్లో పిల్లలు ఒకరి మీద ఒకరు కూర్చునేవాళ్లు. ఏ సెక్షన్లో మిల్లు కూలీల పిల్లలు మిగిలారు, బలంగా అడగలేని వాళ్ల పిల్లలు మిగిలారు. తాళం మాట ఇంకెవరూ ఎత్తలేదు.

గేటు దగ్గర మందుల కొట్టావిడని ఆపాను. "అందరి గురించీ అడుగుతానన్నారు కదమ్మా?"

"అడిగేనే. ఆయన ఇనుకుంతేనా? మరి నా గుంటడ్ని నేను సూసుకోవాల గదా. నువ్వు లోపలే ఉంటావు, నువ్వూ ఓ మాటడుగు."

అడిగాను. కరస్పాండెంటు గారు తల ఎత్తలేదు.

"బి లో జాగా ఏదే? ఫీజు కట్టినోళ్లకే సర్దలేక సస్తన్నాను. అయినా అది ఏటీ సెయ్యదే. ఉత్త భయాలు."

"ఏటీ సెయ్యకపోతే ఆళ్లనెందుకు మార్సీనారు బాబూ?"

"అడిగినారు, మార్సేను."

"నేనూ అడుగుతన్నాను గదా."

ఆయన అప్పుడు తలెత్తి చూశారు. కోపంగా కాదు. "నచ్చకపోతే టీసీ ఇచ్చెత్తాను, తీసుకుపో" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "సర్కారు బళ్లో ఏసెద్దామా?" అన్నాడు. అక్కడ ఐదు తరగతులకీ కలిపి ఒక్క మాస్టారు. మా అన్నయ్య కూతురు అక్కడే చదివింది, కూడికలు రాక ఇంట్లో కూర్చుంది. మా అమ్మాయి క్లాసులో ఫస్టు. దానికి చదువు తీసెయ్యాలా, ఆ గదిలో ఉంచాలా? మేమిద్దరం తేల్చుకోలేకపోయాం. తేల్చుకోలేకపోవడమంటే అక్కడే ఉంచడమేనని నాకు తెలుసు.

అలాగే ఉంచాం. ఒకరోజు పొద్దున్న జడ వేస్తుంటే అది హుషారుగా అంది:

"అమ్మా, ఇప్పుడు బెంచీ అంతా నాదే. పడుకోవచ్చు కూడా."

"బళ్లో పడుకోడమేటే?"

"తలనొప్పంటే మేడమ్ పడుకోమంతారు. గోడేపు తల పెట్టుకుంతాను. ఆ గోడ సల్లగా ఉంతాది."

జడ చివర రిబ్బను ముడేశాను. గోడవైపు ఎందుకొద్దో చెబితే అది ఆ గదిలో రోజంతా ఎలా కూర్చుంటుంది? చెప్పకపోతే ఎలా?

"గోడేపు పెట్టుకోకే" అన్నాను.

"ఏమ్మా?"

"మెడ పట్టేస్తాది" అన్నాను.