ఆమె జరగదు

పోయిన వానాకాలం నిర్మల్‌లో భైంసా బస్సెక్కాను. ఇద్దరి సీటు మధ్యలో ఒకామె కూర్చుని ఉంది.

"జర జరుగక్కా," అన్నాను.

"నేను జరగ."

నాకు ఒళ్లు మండింది. "సీటేమన్న నీ పేరు మీదున్నదా?"

ఆమె ఇటు తిరిగింది. కొత్త చీర. అంచుకు నల్లమట్టి.

"నా పేరు మీద ఏమున్నదన్నా? సాగు చేసేది కౌలుకు పట్టిన పత్తిచేను. పొద్దుగాల పంట సర్వే సారొచ్చిండు. ఫోన్ల మ్యాపు గీయాలంటే ఆయన ఎంబడి చేను సుట్టు తిరిగి హద్దులు చూపిచ్చిన. ఫోటో దిగాలేమోనని ఇంటికి పోయి గీ చీర కట్టుకొచ్చిన. ఫోన్ ఎత్తి, 'జర జరుగక్కా, పంటొక్కటే రావాలె' అన్నడు. పట్టాదారు పేరే ఎక్కుతదట. కౌలుదారు పేరు రాసే జాగే లేదట గా యాప్‌ల. ఇత్తనం పెట్టింది నేను, కలుపు తీసింది నేను. ఇంకెంత దూరం జరగాలె?"

పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాతి ఊళ్లో ఒక పెద్దమనిషి ఎక్కాడు. సంచి సీటుకు ఆనించి, "జర జరుగమ్మా," అన్నాడు.

ఆమె నోరు తెరవకముందే నేను అరిచాను.

"ఆమె జరగదు."