పిడికెడు ఇసుక

దోహాలో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసే వేణుగోపాలరావు ఎక్కడ ఇసుక కనిపించినా చిటికెడు తీసి, చెవి దగ్గర పెట్టుకుని నలిపి, దాని రాపిడి వింటాడు. సెలవుకు ఏ దేశం వెళ్ళేవాళ్ళనైనా పిడికెడు ఇసుక తెమ్మంటాడు. ఇంట్లో పచ్చడి సీసాలకన్నా ఇసుక సీసాలే ఎక్కువని భార్య కమలాదేవి విసుక్కుంటుంది. వైను చుక్క ముట్టని ఈ మనిషి, లిస్బన్ దగ్గర సముద్రపొడ్డున ఇసుకలోనే ద్రాక్ష పండించే కొలారెస్ కోసం మూడేళ్ళుగా కలవరిస్తున్నాడు. ఎక్కడ బస్సు దిగాలో, ఏ తోట చూడాలో అన్నీ రాసిపెట్టాడు. ఖాళీ సీసాకు ఆ ఊరి పేరు కూడా అంటించాడు. తోడు వస్తానన్న పక్కసీటు సిద్ధార్థ్ మాత్రం, "ఈసారి కుదరదు గురువుగారూ, వచ్చే ఏడు వెళ్దాం" అని, ఊరికని చెప్పి సెలవు పెట్టాడు.

మొన్న ఆదివారం సిద్ధార్థ్ ఎండకు కమిలిన ముఖంతో డ్యూటీకొచ్చి, బల్ల మీద పొట్లం పెట్టాడు. "ఫ్రెండ్స్ వదల్లేదు గురువుగారూ, సడన్‌గా పోర్చుగల్ వెళ్ళాం. మీ ప్లానే ఫాలో అయ్యాం, సూపర్! ఇదిగో, మీ కొలారెస్ ఇసుక."

వేణుగోపాలరావు అలవాటుగా చిటికెడు నలిపాడు. వేళ్ళకు సున్నంలాంటి తెల్లపొడి అంటుకుంది. ఈ నెలంతా ల్యాబులో సైటు మట్టి పరీక్షిస్తుంటే రోజూ అంటుకుంటున్న పొడే అది.

"బాగుందా?"

"చాలా బాగుంది నాయనా. అంత దూరం నుంచి మోసుకొచ్చావు."

సాయంత్రం ఆ ఇసుకను సీసాలో పోశాడు. 'కొలారెస్' చీటీని గోటితో గీకేసి, 'అల్ వుకైర్, మన సైటు' అని రాసి అంటించాడు.