జాన్‌బీ జేజి పళ్ల సెట్టు

తోటపల్లి గూడూరులో జాన్‌బీ జేజి చేయి పడని పరుపు లేదు. పాత పరుపు తెచ్చి వేస్తే కుట్లు విప్పి, దూది ఎండబెట్టి, ఏకి, కొత్తదానిలా కుట్టి ఇస్తుంది. విప్పేటప్పుడు లోపల ఏవేవో బయటపడతాయి. మొగుడికి తెలియని కమ్మలు, అత్తకు తెలియని నోట్లు. జేజి వాటిని ఎక్కడివక్కడే పెట్టి కుట్టేస్తుంది, ఎవరికీ చెప్పదు. మామూలుగా ఆమె నోటికి వీధి వీధంతా జడుస్తుంది. ఆ నోరు మూతపడేది ఈ ఒక్క విషయంలోనే.

ఆ నోట్లో పళ్లు మాత్రం లేవు. పోయిన ఏడు రొయ్యల గుంటల గంగులయ్య పళ్ల సెట్టు కట్టించుకుంటే, "గుర్రం నవ్వినట్టుంది" అని ఊరంతా చెప్పి నవ్వించింది జేజి. అట్లాంటిది ఈ ఏడు తనకే ఆశ పుట్టింది. ఎవరికీ తెలియకుండా నెల్లూరు పోయి, పళ్ల డాక్టరుకు నోటి అచ్చు ఇచ్చి, కార్డుతో అడ్వాన్సు కట్టి వచ్చింది. మిగతా పది వేలు బ్యాంకులో, కార్డేమో ఆమె దిండులో. కావాల్సినప్పుడు నాలుగు కుట్లు విప్పడం, పని అయినాక మళ్లీ కుట్టేయడం.

ఒకనాడు పొద్దున్నే ఫోను టింగుమంది. జేజి దాన్ని పక్కింటి పిచ్చమ్మకు చూపించింది.

"నాయుడుపేట ఏటీఎంలో పది వేలు తీసినావంట మే."

"నేనా? నేనింకా మొహం కూడా కడగలేదు గదక్కా."

దిండు విప్పి చూస్తే కార్డు దూదిలో హాయిగా పడుకొని ఉంది. పిచ్చమ్మ అప్పటికప్పుడు బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించి, జేజిని ఆటో ఎక్కించింది.

బ్యాంకు నిండా జనం. కౌంటరులో పెంచలప్రసాద్ అనే కుర్రవాడు ఖాతా తెరిచి, అందరికీ వినపడేటట్టు చదవడం మొదలుపెట్టినాడు.

"మీరు చేసినవేవో, చెయ్యనివేవో చెప్పండవ్వా. కిరాణా కొట్టు?"

"నాదే."

"నెల్లూరు పళ్ల డాక్టరు, సెట్టుకు అడ్వాన్సు?"

వరసలో ఎవరో దగ్గినారు. జేజి తిరిగి చూసింది. గంగులయ్య.

"నాది కాదు," అనింది.

"కాదా?"

"కాదంటే కాదు నాయనా. ఈ వయసులో నాకు పళ్లెందుకు?"

పెంచలప్రసాద్ పది వేలతో పాటు దాన్ని కూడా ఫిర్యాదులో ఎక్కించినాడు.

కొన్నాళ్లకు అతనే ఫోను చేసినాడు. "పళ్ల డాక్టరును విచారించినాం. మీరే వచ్చి కట్టినారంట. అది అబద్ధమైతే ఈ పది వేల మాట ఎట్ల నమ్మేదవ్వా?"

జేజి నీరుగారిపోయింది. పది వేలు రాకపోతే పళ్లు లేవు. కట్టిన అడ్వాన్సూ ఉత్తదే. విషయమంతా విని పిచ్చమ్మ తల పట్టుకుంది. "కాదని ఎట్లన్నావే? నీ నోటి అచ్చు ఆ పళ్ల డాక్టరు బల్ల మీదే ఉండె గదా."

ఈసారి జేజి తిన్నగా మేనేజరు ఉషారాణి గదిలోకి పోయింది.

"ముందు ఆ తలుపు వేయండి మేడం."

ఉషారాణి లేచి తలుపు వేసింది.

"పళ్లు నావే. పది వేలు మాత్రం నేను తియ్యలేదు."

"మరి ఆ రోజు కాదని ఎందుకన్నారమ్మా?"

"అంతమందిలో చదివితే ఏం చెప్పమంటారు? మా ఇంటికి ఊళ్లో పరుపులన్నీ వస్తాయి. లోపల ఏముందో నేను వీధిలో నిలబడి చదివినానంటే, ఇంకొక పరుపు వస్తుందా?"

ఉషారాణి ఫిర్యాదు కాగితం ముందుకు లాక్కుంది. "అట్లా చదవడం మా తప్పే," అనింది. "డబ్బు మీరే తీసినారని చూపించాల్సింది కూడా మేమే. మీరు వెంటనే చెప్పినారు. నాయుడుపేట ఏటీఎం వీడియో తెప్పిస్తాను. ఆ పళ్ల మాట మాత్రం ఫిర్యాదులోనుంచి కొట్టేయనివ్వండి."

"కొట్టేయండి. గట్టిగా మాత్రం చదవొద్దు."

వీడియోలో హెల్మెట్ తియ్యని మగమనిషి ఎవడో ఉన్నాడు. కార్డుకు నకలు చేసినారని తేలింది. పది వేలు ఖాతాలోకి తిరిగొచ్చినాయి. ఆ వారమే జేజి నెల్లూరు పోయొచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని తిరగడం మొదలుపెట్టింది. అడిగితే జలుబు అంటుంది.

ఒకరోజు గంగులయ్య పాత పరుపు మోసుకొచ్చి వసారాలో దించినాడు. అప్పుడెప్పుడో ఆ పరుపులోనే ఒక సినిమా హీరోయిన్ ఫొటో దొరికితే, జేజి దాన్ని నలగకుండా దూది మధ్యన పెట్టి కుట్టిచ్చింది. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు.

"పడుకోబోయేటప్పుడు గిన్నెలో నీళ్లు పోసి అందులో పెట్టు జాన్‌బీ. ఎండితే పగులుతాయి."

"ఏవి గంగులయ్యన్నా?" అనింది జేజి, కొంగు తియ్యకుండానే.

"ఏం లేదులే. పరుపు శుక్రవారానికి కావాల."

ఆ సాయంత్రం వంటింట్లో చిన్న గిన్నె ఒకటి కనపడలేదని కోడలు షబీనా ఇల్లంతా వెతికింది. జేజి కూడా పాపం, ఆమె వెంబడే తిరిగి వెతికింది.