సాగిన విమానం కాళ్లు

నిన్న మా మనవరాలు అమీర్‌పేటలో కొన్న విమానం బొమ్మ ముక్కలు అతికిస్తుంటే ఇల్లంతా జిగురు వాసన. ఆ వాసనకు మా పంజాగుట్ట రేకుల ఇల్లు గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లకు తెలుసు, అప్పట్లో బొమ్మలు ఎవరూ కొనిచ్చేవారు కాదు, మనమే చేసుకునేవాళ్లం.

విరిగిన మగ్గం చెక్కను చెక్కి, వడ్రంగుల జిగురు మరగబెట్టి అతికించి, యుద్ధంలో ఓడ మీద దిగే విమానం చేశాను. మా నాయన బేగంపేటలో విమానాల చక్రాలకు గాలి కొట్టేవాడు. పని నుంచి వచ్చి బొమ్మకు చక్రాలుండే కాళ్లు చూశాడు.

"నేల మీద నిలబడితే విమానం కాళ్లు బరువుకు కుంగుతయ్‌ర. గివి కొంగ కాళ్ల లెక్క సాగినయ్. గాల్లో ఉంటెనే గట్లుంటయ్" అని రెండూ పుటుక్కున విరిచాడు. వచ్చిన చుట్టాలందరికీ "మావోడు కుంటి విమానం చేసిండు" అని చూపించాడు.

మనవరాలి బొమ్మకూ అవే సాగిన కాళ్లు. తెల్లారితే స్కూల్లో పోటీ. నేనూ విరిచేశాను.

"కుంగాలె బిడ్డా. మల్ల చెయ్" అన్నాను.

అది ఏడవలేదు. డబ్బాలోంచి స్టాండు తీసి బల్ల మీద పెట్టింది.

"నేల మీద కాదు తాతా. ఓడ మీదికి దిగుతున్నట్టు గాల్లో పెడ్దామని చేసిన. జర అడగొచ్చు గద."

నేనూ నా బొమ్మను దూలానికి వేలాడదీద్దామనే చేశాను. మా నాయన కాళ్లు విరిచినప్పుడు దారం నా చేతిలోనే ఉంది. ఆయన అడగలేదు.

పిల్లకు సారీ చెప్పమని కోడలు పొద్దుటి నుంచి అంటోంది. నేను చెప్పలేదు. నాకెవరు చెప్పారు?