బాణం చేరని గడి

మా పాప పుట్టినప్పుడు నేను అబుదాబిలో ఉన్నాను. కంపెనీలో ప్రోగ్రామరుగా చేరి అప్పటికి ఏడాదే. సెలవు కోసం కంప్యూటర్లో దరఖాస్తు పెడితే నిమిషంలో తిరస్కరించింది. "రెండేళ్లు నిండలేదు. సిస్టం ఒప్పుకోకపోతే నేనేం చెయ్యను" అన్నాడు ముదీర్, అంటే మా మేనేజరు. కాకినాడ ఆసుపత్రి నుంచి నా భార్య ఫోనులో పాప అరికాళ్లు చూపించింది.

ఎనిమిది నెలల తర్వాత ఆ సెలవుల ప్రోగ్రాంనే నాకు అప్పగించారు. దాని స్థానంలో కొత్తది రాయాలి. పాతదాంట్లో ఏముందో చెప్పడానికి రాసినవాళ్లెవరూ మిగల్లేదు. కాలేజీలో కంపైలర్ల పాఠంలో నేర్చుకున్న పద్ధతి గుర్తొచ్చింది. ప్రోగ్రాంలో ఒక్కో దశనూ ఒక గడిగా, ఒక దశ నుంచి ఇంకోదానికి వెళ్లే దారిని బాణంగా గీయాలి. అలా గీసి, బాణాల వెంట వెళ్తే చేరలేని గడులను ఎర్రగా చూపించే టూల్ ఒకటి రాసుకున్నాను.

ఒక గడి ఎర్రగా వచ్చింది. తెరిచి చూస్తే, "అత్యవసరమా?" అని అడిగే భాగం. జబ్బు, మరణం, కాన్పు అయితే రెండేళ్లు నిండకపోయినా సెలవివ్వమని అందులో ఉంది. కానీ సరిగ్గా దాని పై వరుసలోనే, రెండేళ్లు నిండనివాళ్లను తిరస్కరించి బయటికి పంపేసే ఆజ్ఞ ఉంది. ఏ దరఖాస్తూ దాన్ని దాటి కిందికి రాదు. నాదీ రాలేదు. ఆ రోజు భోజనానికి లేవలేకపోయాను.

ఆ బొమ్మను ముదీర్‌కి చూపించాను. ఎర్ర గడి మీద వేలు పెట్టి, "ఖలాస్, ఇవాళే సరిచెయ్" అన్నాడు. వరుసలు అటూ ఇటూ మార్చాను. పది నిమిషాల పని.

బనియాస్‌లో నాతో గది పంచుకునే జగిత్యాల కుర్రాడు మా కంపెనీ సైటులోనే పనిచేసేవాడు. అతనికీ రెండేళ్లు నిండలేదు. ఆ వారమే అతని భార్యకు ఆపరేషన్ అన్నారు. దరఖాస్తు పెట్టిన రోజే వచ్చి, "సిస్టం ఒప్పుకున్నదన్నా" అన్నాడు, నమ్మలేనట్టు. టాక్సీ దాకా అతని బ్యాగు నేనే మోశాను.

"నువ్వు గూడ పెట్టుకో అన్నా."

"నాకిప్పుడు కారణం లేదు తమ్ముడూ. కాన్పయి ఎనిమిది నెలలైపోయింది."

"బిడ్డను జూసుడు కారణం గాదా?"

ఆ సాయంత్రం దరఖాస్తు తెరిచాను. కారణాల జాబితాలో మూడే ఉన్నాయి. మూసేశాను.

మరో నాలుగు నెలలకు రెండేళ్లు నిండాయి. నేను వెళ్లేసరికి పాప గోడ పట్టుకుని నడుస్తోంది. రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. మూడోరోజు మధ్యాహ్నం నా చొక్కా గుండీతో ఆడుకుంటూ ఒళ్లోనే నిద్రపోయింది. అన్నానికి పిలిచినా నేను కదల్లేదు.