బ్యాట్‌కు దాహం

సికింద్రాబాద్‌ల ఆటసామాన్ల దుకాణం ముందర నడుస్తుంటే అవిసె నూనె వాసన కొట్టింది. ఆ వాసనంటే నాకు ఇప్పటికీ మంట.

నాన్న చెల్లెలు, మా మేనత్త, బడిల టీచర్. నా చిన్నప్పుడు దేశంల ఆడోళ్ల క్రికెట్‌కు అప్పుడప్పుడే సంఘం షురూ అయ్యింది. రాష్ట్రం జట్టుకు ఆడపిల్లల్ని ఏరుతున్నరు. సీతాఫల్‌మండి ఇంట్ల కూసొని అత్త రోజూ బ్యాట్‌కు, కట్టె చీలకుండ, అవిసె నూనె పట్టిచ్చేది.

సెలక్షన్ ముందురోజు ఆమె బడికి పోయినంక నాన్న నన్ను పిలిచిండు. "అత్త బ్యాట్‌కు దాహమైతున్నదే. నీళ్ల బకెట్ల నిలబెట్టు, ఆమె వచ్చేలోపు తీసి తుడువు. చెప్పకు, ఖుష్ అయితది."

నాకు ఎనిమిదేండ్లు. నీళ్లు పోస్తే చెట్టు బతుకుతది, కట్టె సుత అంతేననుకున్న.

మర్నాడు మూడో బంతికే బ్యాట్ అడుగు చీలింది, బంతి గాల్లకు లేసి ఎదుటోళ్ల చేతుల పడ్డది. జట్టుల అత్త పేరు రాలే.

చీలికల తడి చూసి, "నీళ్లల్ల ఎవరు పెట్టిన్రు?" అని అత్త అడిగింది.

"నేనే," అన్న ఏడ్సుకుంట.

"చిన్నపిల్ల, తెల్వక చేసింది. ఇడిసిపెట్టు," అన్నడు నాన్న. నన్ను కాపాడిండనుకొని ఆయన కాళ్లను కరుసుకున్న.

నాన్న సుత లీగ్ మ్యాచులు ఆడెటోడని, వానొస్తే తను తడుసుకుంట బ్యాట్‌ను చొక్కా కింద దాసుకొని తెచ్చెటోడని పెద్దయినంక అమ్మ చెప్పింది. అప్పటికి అత్త బతికి లేదు.

మొన్న నాన్న టీవీల ఆడపిల్లల మ్యాచ్ చూసి "మన బిడ్డలు!" అని చప్పట్లు కొడుతున్నడు.

"బ్యాట్‌కు దాహమైతదా నాన్నా?" అన్న.

రిమోట్ తీసుకొని సౌండ్ పెంచిండు.