మామ బిగించిన కమాను

కల్లూరులో మా మేనమామకు పైకప్పు లేని పాత జీపు ఒకటుండేది. ఏ వస్తువు బిగించినా దాన్ని అరచేత్తో చరిచి, "ఏనుగెక్కినా కదల్దప్పా!" అనడం ఆయన అలవాటు. అట్లా చరిచిన కుర్చీలు, కుళాయిలు ఊడిపోవడం మేమంతా చూశాం.

శ్రీశైలం పోదామంటే, "ఘాట్ రోడ్డులో ఇది బోల్తా పడితే తలకాయలు యాడ మిగుల్తాయి? నేనెక్కను," అంది అత్త. దాంతో మామ లావుపాటి ఇనుప పైపును తలలకంటే ఎత్తుగా కమానులా వంపించి తెచ్చి, పోర్టికోలోనే ముందు సీట్ల వెనక నిలబెట్టి బోల్టులు బిగించాడు. గట్టిగా చరిచాడు.

తీరా జీపు బయటికి తీయబోతే కమాను పోర్టికో దూలానికి తగులుకుంది. బిగించింది మళ్లీ ఊడదీయడానికి మనసొప్పక, మామ దిగి మెట్ల మీద దిగాలుగా కూర్చున్నాడు. అత్తే టైర్లలో గాలి తీయించి, వీధిలోని ఆడవాళ్లందర్నీ జీపెక్కించింది. వాళ్ల బరువుకు కుంగి, నవ్వుల మధ్య జీపు బయటపడింది.

ఆ వారమే శ్రీశైలం పోయాం. వెనక సీట్లో అత్త దారి పొడుగునా కమానును రెండు చేతులా పట్టుకునే ఉంది.

"ఇంకా భయమేనా?" అన్నాడు మామ.

"నాకేం భయం? ఇది ఊడిపోకుండా పట్టుకొని ఉండా గదా," అంది అత్త.